భూపాలపల్లిని పేల్చకండి

జనగామ

కల్యాణ్ గారికి, ఐలేశ్ నమస్కారం.

సినిమాకు నటులను ఎంపిక చేసేది మీరని తెలిసి రాస్తున్నాను. మీరు తీసుకున్న నవల రాసిన జమున నా భార్య. పోయిన నెల చనిపోయింది. ఆ రోజు పొద్దున దవాఖానలో సగం ఇడ్లీ తిన్నది. నర్సును నవ్వించింది. మధ్యాహ్నం నన్ను పిలిచి, "అంతరిక్ష ఓడల టికెట్లిచ్చే యంత్రం ఉన్నది సూడు, దానికి మనోళ్ల గొంతే ఉండాలె. జర నవ్వులపాలు కానియ్యకు" అన్నది. సరే అన్నాను. సాయంత్రానికి పోయింది.

ఆ యంత్రానికి ఎవరిని అనుకున్నారు?

ఇట్లు,
ఐలేశ్
రైల్వే బుకింగ్ క్లర్కు (విశ్రాంత)

తా.క. నవల ఒక్కసారే చదివాను. యంత్రం నాకు నచ్చలేదు. బొత్తిగా మాట్లాడదు.

హైదరాబాద్

పెద్దలు ఐలేశ్ గారికి,

మేడమ్ లేరంటే నమ్మలేకపోతున్నామండి. యంత్రం గురించి మీకు దిగులు వద్దు. పెద్ద హాస్యనటుడు ఒప్పుకున్నారు. వారిది భీమవరం. అయినా మీ యాస ఇరగదీస్తారు.

మేడమ్ తరఫున ఒప్పందం మీద మీ సంతకం రాగానే మొదలుపెడతాం.

విధేయుడు,
కల్యాణ్

తా.క. "ఏందిర భై" అనే మాట అదనంగా ముప్పైచోట్ల రాయించాం.

జనగామ

కల్యాణ్ గారికి,

వద్దు. యంత్రం నవ్వించదు. వేరే గ్రహాలవాళ్లు ఎగబడితే "వరుసల రాండ్రి" అంటుంది. ఓడ వస్తదా అంటే "వస్తది" అంటుంది. అంతే. నవ్వేది చదివేవాళ్లు.

ఐలేశ్

తా.క. "ఏందిర భై" అని మా ఇంట్లో ఎవరూ అనరు.

హైదరాబాద్

ఐలేశ్ గారికి నమస్సులు.

నవ్వించదన్నారు, అర్థమైందండి. విలన్‌ను చేసేశాం. చివర్లో యంత్రం బొగ్గు గనిలోకి దిగి భూపాలపల్లిని పేల్చేస్తుంది. గొంతు ముంబయి నటుడిది.

కల్యాణ్

తా.క. మహబూబాబాద్ కూడా పేల్చుదామన్నారు. మీ మీద గౌరవంతో నేనే ఆపాను.

జనగామ

కల్యాణ్ గారికి,

భూపాలపల్లిని పేల్చకండి. జమున తమ్ముడు అక్కడ గనిలో పనిచేస్తాడు. సంతకం పెట్టను.

గొంతు నేనే వెతుకుతున్నాను. మార్కెట్ యార్డు రాములును అడిగాను. "నేను యంత్రమేందన్నా, నాకు నడుము నొప్పి" అన్నాడు. పాలకుర్తి ఆటో నడిపే జగపతి మాట మొదలుపెడితే ఆపడు. ఇంకా చూస్తాను. దొరికేదాకా చూస్తాను.

ఐలేశ్

తా.క. మా కుక్కర్ కూడా బావమరిది దగ్గరే ఉంది.

హైదరాబాద్

ఐలేశ్ గారికి,

మా దర్శకురాలు చైతన్య గారు మీ ఉత్తరాలు అందరికీ చదివి వినిపించారు. "వద్దు" దగ్గర ఒకరు నవ్వారు. "అంతే" దగ్గర అందరం నవ్వాం. తర్వాత ఆవిడ నవల తెరిచి, యంత్రం మాటలు చదివారు. ఎవరం నవ్వలేదండి.

యంత్రం కిటికీ వెనకనుంచే మాట్లాడుతుంది. అన్నం వేళకు "కౌంటర్ మూసి ఉంది" బోర్డు తిప్పుతుంది. మీ మొదటి ఉత్తరంలో సంతకం కింద మీ ఉద్యోగం రాశారు. ఒకసారి గుర్తుచేసుకోండి.

మాకు వేరే గొంతు వద్దండి.

కల్యాణ్

తా.క. ఊళ్లు రెండూ భద్రం.

జనగామ

కల్యాణ్ గారికి,

నవల మళ్లీ చదివాను. ఓడ నడిపే ఆమె రోజూ కిటికీలోంచి యంత్రానికి చాయ్ ఇస్తుంది. అది "సల్లగైంది" అంటుంది. ఆమె నవ్వుతుంది. మర్నాడు మళ్లీ తెస్తుంది.

రాములుకు చూపించాను. "గిది నువ్వే గదనే అన్నా. జనగామల అందరికి ఎర్కే" అన్నాడు.

సంతకం పెట్టాను.

ఐలేశ్

తా.క. ఇది పోస్టు చేయను. రేపు పొద్దున మొదటి రైలెక్కి నేనే తెస్తాను. చాయ్ వేడిగా ఉండాలి.