అనిత మంచు కొండలకు పోతున్నది

సరోజా,

ఇయ్యాల నీ సంవత్సరీకం. నువ్వు వింటే సంబురపడే ముచ్చట ఒకటున్నది. మన అనిత స్కీయింగ్ నేర్చుకోనీకి స్విట్జర్లాండ్ పోతున్నది, ఆల్ప్స్ కొండలల్లకు.

బండి యాక్సిడెంట్ల దాని కాలు పోయినంక, పెట్టుడుకాలుతోని మన ఆబిడ్స్ ఇంటి మెట్లు ఎక్కుడు నేర్పింది నువ్వే. నేను చెయ్యి ఇయ్యబోతే "జర ఆగుండ్రి, అదే ఎక్కుతది" అన్నవ్.

పగటి భోజనాల కాడ మీ అన్న అడిగిండు, "ఒంటికాలుతోని మంచు మీద జారుడేంది బిడ్డా?"

"గాడ నా అసోంటోళ్లకు నేర్పే మాస్టర్లున్నరు మామా. ఉన్న కాలికి ఒక స్కీ పలక, చేతులల్ల చిన్న స్కీలు బిగించిన కర్రలు. నేనే ఫోన్ చేసి మాట్లాడిన" అన్నది.

హోటల్, వీసా అన్నీ నాంపల్లిల తన ఆఫీసు నుంచే చూసుకున్నది. అంత ఎత్తుల ఊపిరాడుతదా అని డాక్టర్‌ను గూడ అడిగొచ్చింది. నాకు లోపల భయమే. అయినా వాడకట్టంతా చెప్పుకుంట తిరిగిన.

"నేను గూడ వస్త, కింద నిలబడి చూస్త" అన్న.

"చూసుడేంది నాయినా? కొత్తోళ్ల క్లాసుల నీ పేరు గూడ రాయించిన."

మీ అన్న పడిపడి నవ్విండు. నేను మాత్రం "ఔ, నేర్చుకుంట" అన్న.

సాయంత్రం ఇద్దరం పోయి నాకు కోటు కొన్నం. నేను నల్లది పట్టుకుంటే అనిత గుంజుకొని ఎర్రది చేతుల పెట్టింది. "మంచుల నువ్వు యాడ పడ్డా పైనుంచి నాకు కనపడాలె" అన్నది.

మన బిడ్డ పైన ఉంటదట, సరోజా. నేను కింద.