ఖాసిం మెడ తిరిగింది

నాయనా,

ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలో తెలియదు. అయినా రాస్తున్నాను. ఖాసిం అనే డ్రైవరు మెడ ఈ రోజు తిరిగింది.

ఆయన నడిపే కారును వెనక నుంచి లారీ గుద్దిందట. దవాఖానలో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు, మెడ మాత్రం బిగుసుకుపోయింది. పట్టేసిన నడుములూ మెడలూ సరిచేస్తావని విని, నిన్ను వెతుక్కుంటూ బోయిగూడలో మన ఇంటికి వచ్చాడు. రజాకార్ల గొడవల్లో, ఎవరికో నడుం పట్టిందంటే సీతాఫల్‌మండి వెళ్లిన నువ్వు తిరిగి రాలేదనీ, పోలీస్ యాక్షన్ అయి ఏడాది దాటినా జాడ లేదనీ చెప్పాను.

"నువ్వన్న జెర చూడు బిడ్డా. మెడ తిరగకుంటే నౌకరి పోతది," అన్నాడు.

అమ్మ నన్ను లోపలికి పిలిచింది. "మనకు గిట్ల చేసినోళ్ల మనిషి మీద చెయ్యేస్తవా?"

"నాయనైతే ఏం చేస్తుండె?" అన్నాను.

నువ్వు చేస్తుంటే చూడడమే తప్ప నేనెన్నడూ చేయలేదు. భయపడుతూనే పది రోజులు గోరువెచ్చని నువ్వుల నూనె రాసి, నొప్పి ఉన్నచోట బొటనవేలు ఆనించి, కండ వదులయ్యేదాకా ఆగాను. ఈ పొద్దున ఆయన తల తిప్పి గుమ్మం వైపు చూశాడు.

అక్కడ అమ్మ నిలబడి ఉంది. ఆయనతో మొదటిసారి మాట్లాడింది.

"నువ్వు ఊర్లన్నీ తిరుగుతవు గద భాయ్. మా ఆయన ఏడన్న కనబడితే ఇంటికి రమ్మని చెప్పు."

ఖాసిం మెల్లగా తల ఊపాడు.