హాలు మధ్య పిల్లరు జోలికి పోకండి

గౌహతి

ప్రియమైన సుగుణక్కకి, బావగారికి ప్రభువు నామంలో తమ్ముడు ప్రసాదు వందనాలు. అంతా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. మీ అత్తయ్యగారి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు.

బాగానే ఉన్నానంటే, ఒళ్ళు మాత్రం హూనమైపోతోంది. ఇక్కడ పాత స్కూలు బిల్డింగుకి భూకంపం తట్టుకునే బలం ఇచ్చే పని. పిల్లర్ల మీది సిమెంటు చెక్కి, చుట్టూ కొత్త ఇనుప ఊచలు కట్టి, మళ్ళీ కాంక్రీటు పోస్తాం. లోపల దుమ్ము, బయట ఆగని వాన. కూరలన్నింట్లోనూ ఆవనూనే, చేప ముక్క నోట్లో పెట్టుకుంటే నీ పులుసు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. వీలైతే కాసిని ఎండురొయ్యలు పంపు. తెలుగులో ఒక్క మాట మాట్లాడదామంటే మనిషి లేడు. ఈ చాకిరీ కంటే కూల్చి కొత్తది కట్టుకోవచ్చుగా అని మా ఇంజనీరు మేడంని విసుక్కున్నాను. "నిలబడగలిగినదాన్ని చెత్తలో పోసి, మళ్ళీ అంత సిమెంటూ ఇనుమూ తేవడం దేనికి?" అన్నారు.

మొన్న భోజనాల వేళ భూమి కదిలింది. కంచంలో పప్పు తొణికింది. బడి పిల్లలు పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చేశారు. ఏదీ పడలేదక్కా. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది మీ హాలే.

అక్కడ జరిగే ప్రార్థన కూడికకి వచ్చినవాళ్ళు పిల్లరు అడ్డొచ్చి పాస్టరుగారు కనబడడం లేదని సణుగుతున్నారనీ, క్రిస్మస్‌లోగా మధ్య పిల్లరు కొట్టించేస్తామనీ అన్నావు కదా. ఫోన్లో వద్దంటే బావగారు, "ఆయ్, మన అమలాపురంలో భూకంపాలేంటి బావా? వస్తే గిస్తే తుఫానొస్తాది" అని నవ్వేశారు. అందుకే రాస్తున్నాను, దగ్గర కూర్చోబెట్టుకుని చదివి వినిపించు.

బావగారూ, కోప్పడకండి. ఆ పిల్లరు తీసేశాక ఇల్లు కూలడానికి భూకంపం రానక్కర్లేదు. పై అంతస్తు బరువు దాని నెత్తినే ఉంది. అక్క పంపిన ఫోటో మేడంకి చూపించాను. పగుళ్ళలో తుప్పు కనబడుతోందట, మన ఉప్పుగాలి లోపలి ఊచల్ని తినేస్తోందట. దాన్ని ఇంకా లావు చెయ్యాలన్నారు. మీరు తీసేద్దామంటుంటే నేను లావు చెయ్యమంటున్నాను, నవ్వుకోండి. కానీ అక్కడి ఇంజనీరునెవరినైనా పిలిచి చూపించండి. అందాకా కూడిక వాకిట్లో పందిరి వేసి పెట్టుకోండి. పైన అక్కా పిల్లలూ పడుకునేది సరిగ్గా దాని మీదే. నాకు భయంగా ఉంది.

అత్తయ్యగారికి, పాస్టరుగారికి నా వందనాలు. పిల్లలకి ముద్దులు. మీ ప్రార్థనల్లో నన్ను మరవకండి. సెలవడిగాను, ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు, వచ్చి ఆ పిల్లర్ని కావలించుకుని కూర్చునేవాణ్ణి.

మీ తమ్ముడు
ప్రసాదు