కెమెరా సంచిలో పెట్టిన ఉత్తరం

ఏమండీ,

మీ పుట్టినరోజుకి ఈ చవక డీఎస్ఎల్ఆర్ కెమెరా మార్చి ఇంకాస్త మంచిది కొందామని, మీకు చెప్పకుండా షాపుకి పట్టుకెళ్ళాను. కెమెరా ఎన్ని ఫోటోలు తీసిందో తనే లెక్కపెట్టుకుంటుందట, చెరిపేసినవి కూడా. "మూడేళ్ళలో నూట పన్నెండేనా మేడం? కొత్తదే కదా!" అని షాపతను సంబరపడ్డాడు.

ఇంటికొచ్చి చూసుకున్నాను. పాపకి నేను తీసినవే నూట పన్నెండు. ప్రతి ఆదివారం చెరువు దగ్గర మీరు తీసి, బాగా రాలేదని చెరిపేశానన్న కొంగ ఒక్కటీ ఆ లెక్కలో లేదు. ఫ్లాస్కు నిండా టీ పొయ్యమంటే, పాపం ఎండలో ఉంటారని పోసిచ్చాను. అది ఇద్దరికి సరిపోతుందని ఇవాళే తట్టింది.

నిలదీసి అడగను. ఈ ఉత్తరం కెమెరా సంచిలోనే పెడుతున్నాను. ఎప్పుడైనా ఫోటో తియ్యాలనిపించి జిప్పు తీస్తే చదువుకుందురుగాని.