వెళ్లేటప్పుడూ చెప్పాలి

నాన్నా,

గెలిచాను! స్టేషన్లో బండి వచ్చినా, వెళ్లినా పక్క స్టేషనుకి ఫోనులో ఒకే తీరుగా చెప్పేవాడివి కదా! సిల్తారాలో మా ఫ్యాక్టరీ కంప్యూటర్లకి ఆ బుద్ధి ఉండేది కాదు. ఫైళ్లు దాచే ఫైల్ సిస్టమ్ మౌంటయితే, అంటే వచ్చి చేరితే, లాగ్ చిట్టాలో ఒక్కోటి ఒక్కోలా రాసేది, అన్‌మౌంటయి వెళ్లిపోతే నోరే మెదిపేది కాదు. వాటిని లోపల్నుంచి నడిపే లినక్స్ కెర్నల్ విప్పి నేనే మార్చేశాను! ఇవాళ్టి నుంచి ప్రతిదీ పేరు చెప్పి వస్తుంది, పేరు చెప్పి వెళ్తుంది. మా సాబ్ "వాహ్ బేటీ!" అంటూ అందరికీ జిలేబీలు తెప్పించాడు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. నువ్వు నిద్రలోనే వెళ్లిపోయాక ఆవిడ ఇంతసేపు నా మాట వినడం ఇదే మొదలు.

"సెప్పకుండా ఎల్పోతే ఏటవుతాదే?" అంది.

"మళ్లీ వచ్చినప్పుడు, పోయినసారి సరిగ్గా వెళ్లలేదని అదే ఒప్పుకుంటుందమ్మా."

అమ్మ నీ ఫోటో వైపు తిరిగింది. "ఇన్నారా?"