చందమామ తోక సంబంధం

బాబాయికి నమస్కారాలు.
అగ్నిమాపక శిక్షణలో ఫోన్లు ముట్టనివ్వరు, అందుకే ఈ ఉత్తరం. మనింట్లో నీ దగ్గర వదిలొచ్చిన నా ట్యాబులోని చేపలు ఆటలోవే అయినా ఏడాదిగా ప్రాణం పెట్టి పెంచాను. నీలి ఒంటికి తోక మీద తెల్లని చందమామ మచ్చ ఇంకెవరి దగ్గరా లేదు. ఆ నీలి ఆడచేపనీ, పక్క తొట్టిలోని నీలి మగచేపనీ కలుపు. పిల్లలకు మచ్చ వస్తేనే నెలాఖరు పోటీలో నిలబడతాను. అందరికీ పెళ్ళిళ్ళు కుదిర్చి ఒంటిగా మిగిలినవాడివి, నీకిదో లెక్కా?
నీ అన్నకూతురు

తా.క. తొట్టిలో నిజం నీళ్ళు పొయ్యకు.

చిరంజీవికి ఆశీస్సులు.
చేప మీద వేలు పెడితే వంశవృక్షం వచ్చింది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే! నాకు తల తిరిగిపోయింది. ఆటే కావచ్చు, నా చేతుల మీదుగా ఆ పని జరగదు. పిల్లకు మంచి సంబంధం చూస్తాను.
బాబాయి

తా.క. నీళ్ళు పొయ్యలేదు. తడిగుడ్డతో తుడిచానంతే. ఇప్పుడు చేపలు వెల్లకిలా ఈదుతున్నాయి.

బాబాయ్,
కొంప ముంచకు. మచ్చ నిలవాలంటే తోబుట్టువులనే కలపాలి. బయటి చేప వస్తే ఏడాది కష్టం గంగపాలు. వాటికి చుట్టరికాలు లేవు, బొమ్మలు. దండం పెడతాను, కలుపు.
అన్నకూతురు

తా.క. ట్యాబు తలకిందులుగా పట్టుకున్నావు.

చిరంజీవికి,
నీ ఉత్తరం అందేసరికే పెళ్ళయిపోయింది. వరుడిది నారింజ రంగు. అతని యజమానురాలూ ఈ ఆటే ఆడుతుంది, రెండు వీధుల అవతల గడియారాలు బాగుచేస్తుంది. పిల్ల ఏం తింటుంది, కోపమెక్కువా అని నేనడగాల్సినవన్నీ ఆవిడే అడిగింది. కానీ పిల్లలన్నీ బూడిద రంగులో పుట్టాయి. ఒక్కదానికీ మచ్చ లేదు. నీ కష్టాన్ని మట్టిపాలు చేశానమ్మా. అన్నం సయించడం లేదు.
బాబాయి

తా.క. నా గడియారం బాగుచెయ్యమని ఆవిడకిచ్చి వచ్చాను. అది బాగానే నడుస్తోంది.

బాబాయ్,
చాలా ఏడ్చాను. పొగ వల్లేమో అనుకుని మా అధికారి నీళ్ళిచ్చాడు. ఇక ఆ ట్యాబు ముట్టకు.
అన్నకూతురు

తా.క. బూడిద పిల్లలకు మేత మాత్రం వెయ్యి. వాటి తప్పేముంది.

చిరంజీవి అన్నకూతురికి,
ఏడవకు. నారింజ వంశంలో పిల్లలు బూడిదగానే పుట్టి, పెరిగాక రంగు తిరుగుతాయట. ఆవిడ చెప్పింది. నిన్నటికి ఒళ్ళంతా నీలం, తోక మీద బంగారు చందమామ! పోటీకి పెట్టబోతే ఒక చిక్కొచ్చింది. ఇద్దరు యజమానుల చేపలకు పుట్టిన సంతానాన్ని పోటీకి పెట్టాలంటే వాళ్ళు ఒకే ఇంటివాళ్ళయి ఉండాలట. నీ ఏడాది కష్టం గుర్తొచ్చింది. వెళ్ళి ఆవిడనే అడిగేశాను. నవ్వి, సరేనంది. సెలవు పెట్టుకుని పెళ్ళికి రా.
బాబాయి

తా.క. ఇద్దరి వంశవృక్షాలూ చూసుకున్నాం. ఎక్కడా చుట్టరికం లేదు.