తడి చెక్క మీద పట్ట

మంగళవారం రాత్రి, ఆళ్లగడ్డ

పొద్దున కోలాటం నేర్చుకుంటుండగా మా వీధి వేదిక మీద పలక విరిగి లక్ష్మక్క కాలు లోపలికి దిగిపోయింది. తొడ ఎముక విరిగింది. నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. మళ్లీ మామూలుగా నడుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట.

విరిగిన పలకను చేత్తో నలిపి చూశాను. తడి రొట్టెలా విడిపోయింది.

ఆ చెక్క వేదికను వానకు తడవకుండా చూసుకునే పని నాది. మొదటి వానకు తడిసిన చెక్కను ఆరనివ్వకుండానే, అంగట్లో శనక్కాయల మూటలకు కప్పే ప్లాస్టిక్ పట్టను నాలుగు వైపులా బిగించి కట్టాను. వానలు వెలిసినా నెలల తరబడి విప్పలేదు. ఆ వేదికను చేసిన వడ్రంగి ఓబులేసు అప్పుడే చెప్పాడు.

"అక్కా, ఎండ కాసినప్పుడన్నా పట్ట తీయల్ల. లోపల చెమ్మ ఉడుకుతాంది."

"నాకు తెలుసులేప్పా" అన్నాను.

సాయంత్రం అందరూ ఓబులేసునే నిలదీశారు. మా ఆయనే ముందు.

"పుచ్చు కట్టె వేసి మోసం చేస్తివి గదరా. ఇంక ఈ వీధిలో నీకు పని లేదు, పో."

అతను ఒక్కసారి నా వైపు చూశాడు. "మంచి కట్టే వేసినా అన్నా" అన్నాడు. నా పేరెత్తలేదు.

అన్నం వడ్డించేటప్పుడు చెప్పేద్దామనుకున్నాను. అంతలో ఆయనే అన్నారు. "నువ్వు పట్ట కప్పబట్టి మిగతా పలకలన్నా నిలిచినాయి."

నేను మజ్జిగ పోశాను.